పద్దెనిమిది పెద్దబడి పేర్లు

పాత వర్క్‌షాపు, మేడ మీది డిజైన్ గది
ఫిబ్రవరి 3

బావగారికి నమస్కారం.

మీరు కొత్త వర్క్‌షాపు నిలబెట్టడానికి వెళ్ళి నెల దాటింది. అక్క బాగుంది. స్కూల్లో పిల్లల పరీక్షలని రోజూ ఆలస్యంగా వస్తోంది గానీ ఆరోగ్యం బాగానే ఉంది. మీ గదిని జాగ్రత్తగానే చూసుకుంటున్నాను. తెర మీద ఎండ పడుతోందని కిటికీ దగ్గర బల్లని గోడవైపు జరిపాను. మీ కుర్చీ ఎత్తు రెండు మెట్లు పెంచాను. నావి ఒంటె కాళ్ళని మీరే అంటారు కదా.

ఇప్పుడు అసలు సంగతి. తిట్టండి, కానీ చివరిదాకా చదివి తిట్టండి.

మీ కంప్యూటర్ డిస్కు కరకరమని చప్పుడు మొదలెట్టింది. ఇవాళో రేపో పోయేలా ఉందని భయమేసి, డిజైన్లన్నీ పక్క కంప్యూటర్‌లోకి ఎక్కించేశాను. అదీ మీ దానంత పాతదే. కంగారులో, మీరెప్పుడూ వద్దనే, ఆదేశాలు టైపు చేసే ఆ నల్లతెర నుంచి ఎక్కించాను. పదకొండు వందల నలభైకి పదకొండు వందల నలభై క్షేమంగా వచ్చాయి. మర్నాడే పాత డిస్కు కన్ను మూసింది. కానీ బావగారూ, పేర్లన్నీ పెద్దబడి అక్షరాల్లోకి, అదే ఇంగ్లీషు కాపిటల్స్‌లోకి, మారిపోయాయి! మీరు ఒద్దికగా చిన్నబడిలో పెట్టుకున్న పేర్లు ఇప్పుడు తెర నిండా నిలబడి కేకలు పెడుతున్నట్టున్నాయి.

వచ్చే నెల 20న కొత్త ఎంబ్రాయిడరీ మిషన్‌లోకి ఇవన్నీ ఎక్కించడానికి మెకానిక్ వస్తున్నాడు. ఆ మిషన్‌కి చిన్నబడి పేర్లు తప్ప వేరేవి కనబడవట. పెద్దబడిలో ఉంటే ఫైలే లేనట్టు. ఆ రోజు తప్పితే మెకానిక్ మళ్ళీ మూడు నెలలకి గానీ రాడు. మేడమ్ ఒకటే మాటన్నారు: "లిస్టు మాస్టారు ఉంటే ఇలా అయ్యేదా?" ఆ మాట విని మీరు సంతోషిస్తారని రాస్తున్నాను.

మీకు తెలియని కిటుకు ఉండదు. ఫోన్లో చెబితే లిస్టు నిలవదంటారు కదా, అందుకే ఉత్తరం. కాస్త రాసి పంపండి.

మీ బావమరిది


కొత్త వర్క్‌షాపు, గోదాము పక్క గది
ఫిబ్రవరి 7

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

నీ ఉత్తరం నిన్న అందినది. రెండుసార్లు చదివాను. విధానానికి ముందు మూడు సంగతులు తేలవలసి ఉన్నది.

ఒకటి. ఆ బల్ల కిటికీ వద్ద ఉన్నది పొరపాటున కాదు. దారం అసలు రంగు పగటి వెలుగులోనే తెలుస్తుంది కనుక, పదిహేనేళ్ళ కిందట టేపుతో కొలిచి నేనే అక్కడ వేయించాను.

రెండు. కుర్చీ. దీనిని గురించి ఏమీ అనదలచుకోలేదు.

మూడు. నల్లతెర నుంచి ఫైళ్ళు ఎక్కించరాదన్నది గోడకు నేను అంటించిన పదకొండు నియమాలలో నాలుగవది. ఆ కాగితం ఉన్నదా, లేక దానిని కూడా జరిపావా?

మన లిపికి ఈ బెడద లేదు. "క" ఎక్కడ ఉన్నా "క"యే. వాక్యంలో ముందు నిలబడినదని దానికి తలపాగా చుట్టము. ఈ పెద్దాచిన్నా తగాదా అంతా ఇంగ్లీషు అక్షరాలదే. అందుకే నేను మొదటి రోజు నుంచి ప్రతి పేరునూ చిన్నబడిలోనే పెట్టాను. ఈ విద్య నాకు ఎవరూ నేర్పలేదన్నది నీకు తెలుసు. తప్పు చేసి, రాసుకొని, మళ్ళీ ఆ తప్పు చేయకుండా నేర్చుకున్నాను.

విధానం:

1. ముందుగా అన్నిటికీ ఒక నకలు తీసి వేరే చోట ఉంచు.

2. తెర మీద ఫైళ్ళ కిటికీ తెరిచి, పై వరుసలోని ‘వ్యూ’ కింద ఆప్షన్లలోకి వెళ్ళు. పెద్దబడి పేర్లను ఉన్నవి ఉన్నట్టు చూపమనే గడిలో టిక్కు పెట్టు. లేనిచో ఆ పాత వ్యవస్థ మొదటి అక్షరాన్ని మాత్రమే పెద్దదిగా చూపి, మిగతాది బాగుపడినట్టు నిన్ను నమ్మిస్తుంది.

3. ఒక ఫైలును ఎంచుకొని, పేరు మార్చే ఆదేశమిచ్చి, చిన్నబడిలో అదే పేరు కొట్టి ఎంటర్ నొక్కు.

4. మిగిలిన వాటికీ అట్లే చెయ్యి.

ఇంతకు మించి నాకు జ్ఞాపకం లేదు. మేడమ్ నీ పనిని గురించి ఇంకా ఏమైనా అన్నారా? ఉన్నది ఉన్నట్టు రాయి.

మీ బావ


పాత వర్క్‌షాపు, డిజైన్ గది
ఫిబ్రవరి 16

బావగారికి నమస్కారం.

మీ లిస్టు తు.చ. తప్పకుండా చేశాను. మూడో మెట్టు దగ్గర బండి ఆగిపోయింది. చిన్నబడిలో పేరు కొట్టి ఎంటర్ నొక్కితే, "ఈ పేరుతో ఫైలు ఇప్పటికే ఉంది" అంటోంది. ఉన్నది అదే కదా తల్లీ, దాన్నే కదా చిన్నది చెయ్యమంటున్నాను అంటే వినదే! పేరు మార్చేటప్పుడు దాని కళ్ళకి పెద్దబడీ చిన్నబడీ ఒకటేనట.

మీరు ఏదో ఒక మెట్టు మర్చిపోయారని అక్కతో అన్నాను. పడీపడీ నవ్వింది. "ఆయన మర్చిపోవడమా? పదేళ్ళ కింద పాలవాడు ఏ రోజు రాలేదో కూడా చెబుతాడురా" అంది.

సరే, నాకు చేతనైన దారి నేను పట్టాను. ఒక్కో డిజైన్‌ని తెరవడం, చిన్నబడిలో పేరు కొట్టి కొత్త ఫోల్డర్‌లో దాచడం. ఒక్కోదానికి నాలుగు నిమిషాలు. సాయంత్రాలు నేను ఒక్కణ్ణే, ఆదివారాలు అక్క వచ్చి పక్కన కూర్చుంటోంది. మీరు రాసి ఉంచిన పేర్ల కాగితాలు తీసుకుని ఒక్కో పేజీ పైకి చదువుతుంది, నేను కొడతాను. పదిహేనేళ్ళలో ఈ గదిలోకి రావడం తనకిదే మొదటిసారట! మీరు రానివ్వలేదా బావగారూ?

అసలు మీ పేర్లలో ఇంత కథ ఉందని మాకేం తెలుసు? పువ్వు, తీగ, నెమలి అని ఉంటాయనుకున్నాం. మీరేమో ఆ రోజు ఇంట్లో ఏం జరిగితే ఆ పేరు పెట్టేశారు. మొన్న ఆదివారం ముచ్చట వినండి.

"అలక-31" అని చదివి ఆగింది అక్క. "ముప్ఫై ఒకటా! నేను అన్నిసార్లు అలిగానా?"

"ఇంకా ఎక్కువేనే. బావగారు పెద్దమనసుతో తగ్గించి రాశారు."

"నోర్ముయ్ గాడిదా. నవ్వు ఎన్నున్నాయో చూడు."

వెతికి చూశాను. "రెండు."

"రెండే? ఆయన ముందు నేను రోజూ నవ్వుతాను కదరా!"

"ఆయన తలెత్తి చూసినవే లెక్కలోకి వస్తాయక్కా."

అంతే, ఇద్దరం బల్ల మీద పడి నవ్వుతుంటే మేడమ్ వచ్చారు. తిడతారనుకున్నాను. స్టూలు లాక్కుని కూర్చుని, ఇక్కడే టీ తాగి, "ఈ గదిలోంచి నవ్వు వినబడటం ఇదే మొదటిసారి" అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు, మీరడిగారు కాబట్టి రాస్తున్నాను. మీరు తిరిగొచ్చాక ఈ గది బాధ్యత ఎవరికన్నది 20వ తారీఖు పని చూసి చెబుతారట.

ఆ మర్చిపోయిన మెట్టు గుర్తొస్తే రాయండి.

మీ బావమరిది


కొత్త వర్క్‌షాపు, గోదాము పక్క గది
ఫిబ్రవరి 20

చిరంజీవి బావమరిదికి.

నీ ఉత్తరం అందినది. మీ అక్క ఈ నెలలో నాకు రాసిన రెండు ఉత్తరాలలోనూ ఈ ఆదివారాల ప్రస్తావన లేదు. గ్యాసు సిలిండరు మార్చిన తేదీ ఉన్నది, ఇది లేదు.

లెక్క వేశాను. నాలుగు నిమిషాల చొప్పున పదకొండు వందల నలభై డిజైన్లకు డెబ్భై ఆరు గంటలు పడుతుంది. నాకు పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. మీ అక్క నా పక్కన ఒకేచోట వరుసగా రెండు గంటలు కూర్చున్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కించవచ్చు. ఆ గదిలోనికి నేను ఎవరినీ రానివ్వకపోవడానికి కారణం దుమ్ము. దుమ్ము డిస్కులకు మంచిది కాదు. దీనిని వేరే విధంగా అనుకోవద్దని ఆమెకు చెప్పు.

తెలుసుకోదలచినవి:

మీ అక్క ఏ ఆసనం మీద కూర్చున్నది?

స్టూలు లాక్కున్నప్పుడు నేల గీసుకుపోయిందా?

మేడమ్ టీ ఏ కప్పులో తాగారు? నీలం అంచు ఉన్నది నాది.

వేరే విధానం ఏదీ నాకు తెలియదు. ఉన్నదే కొనసాగించు. అయితే ‘కె’ అక్షరంతో మొదలయ్యే పేర్లు క్లిష్టమైనవి. ఆ పేజీలు వచ్చినప్పుడు మీ అక్కను పిలవకు, నీవొక్కడివే చెయ్యి.

ఇంకొక సంగతి. యజమానికి అన్నీ తెలిసి ఉండటం సబబని తోచి, నీవు నల్లతెర వాడిన సంగతిని, గోడ మీది నాలుగవ నియమాన్ని ఉటంకిస్తూ, మేడమ్‌కు విడిగా రాశాను. ఇందులో స్వంత విషయం ఏమీ లేదు. పని సంగతి మాత్రమే.

మీ బావ


పాత వర్క్‌షాపు
మార్చి 9

బావగారూ,

మేడమ్ మీ ఉత్తరం నా ముందు పెట్టారు. రెండు పేజీలు. కింద గీతలు గీసి మరీ రాశారు. "20 లోపు అన్నీ తయారు కాకపోతే కింద బొత్తాల కౌంటర్‌కి వెళ్ళిపో, ఈ గది నీకు వద్దు" అన్నారు. ఆవిడ తప్పేం లేదు. నల్లతెర వాడింది నేనే.

ఆరువందల పది అయ్యాయి. ఇంకా అయిదువందల ముప్ఫై. పదకొండు రోజులు.

మీరు ‘కె’ పేజీలు చదివించొద్దన్నారు. అక్క సంగతి తెలిసీ ఎందుకు రాశారు బావగారూ ఆ మాట? ఉత్తరం చూసిన వెంటనే వరుస వదిలేసి ముందు అవే తీసింది. కోపం పధ్నాలుగు ఉన్నాయి, అక్కడిదాకా నవ్వుతూనే చదివింది. ఆ తర్వాత కుళ్ళు. ఒకటి నుంచి పంతొమ్మిది దాకా.

"ఇదేంట్రా? ఎవరి మీద?" అంది.

నేను తారీఖులు చూశాను. కుళ్ళు-01, నేను ఉద్యోగంలో చేరిన రోజు. కుళ్ళు-04, దారం ఎంపిక బాగుందని మేడమ్ నలుగురిలో నన్ను మెచ్చుకున్న రోజు. కుళ్ళు-11, అక్క పుట్టినరోజు. నేను చేతిగడియారం కొనిచ్చాను. మీరు ఆ ఏడు పిన్నుల డబ్బా ఇచ్చారు.

అక్క ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికెళ్ళిపోయింది. ఈ ఆదివారం రాలేదు.

ఇంకోటి. గుండుసూది కోసం డ్రాయర్ వెతుకుతుంటే, సూదుల డబ్బా కింద ఒక ఫ్లాపీ డిస్కు దొరికింది. మీ గుండ్రటి చేతిరాత. "పెద్దబడి నుంచి చిన్నబడికి. అన్నీ ఒకేసారి. ఎనిమిది నిమిషాలు." తారీఖు చూస్తే ఆరేళ్ళ కిందటిది.

ఎనిమిది నిమిషాలు బావగారూ. నేను నెల రోజులు కూర్చున్నాను.

దాన్ని కంప్యూటర్‌లో పెట్టలేదు. మళ్ళీ సూదుల డబ్బా కిందే పెట్టేశాను. అది మీది. వాడుకోమని మీరు రాస్తే వాడతాను. రాయకపోతే చేత్తో ఎన్నయితే అన్ని చేస్తాను. పూర్తి కాకపోతే బొత్తాలు లెక్కపెట్టుకుంటాను, గది మీకే ఉంటుంది. మేడమ్‌కి ఫ్లాపీ సంగతి చెప్పలేదు. చెప్పను కూడా.

చివరిగా ఒక మాట. ఆసుపత్రివాళ్ళు తమ సిబ్బంది కోట్ల మీద కుట్టించుకోవడానికి మన శాంపిళ్ళన్నీ చూసి ఒకటి ఎంచుకున్నారు. రెండు ఆకుల మధ్య దీపం ఉంటుందే, అది. కుళ్ళు-07. మీరు గీసినవాటిలో అంత అందమైనది ఇంకోటి లేదన్నారు మేడమ్. నాకూ అదే ఇష్టం. దాని పేరు తెలియకముందు నుంచీ.

ఉంటాను.


కొత్త వర్క్‌షాపు, గోదాము పక్క గది
మార్చి 12

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందిన గంటలోపలే ఇది రాస్తున్నాను. రిజిస్టరు చేసి పంపుతున్నాను కనుక 15లోగా నీ చేతికి రావాలి.

ఫిబ్రవరి 7న రాసిన విధానంలో మూడవ మెట్టును నేను కావాలని సగమే రాశాను. మరచిపోలేదు. మీ అక్క చెప్పినది నిజం, నేను మరచిపోను.

ఆ వ్యవస్థ ఉన్న పేరును చిన్నబడిలోకి సరాసరి మార్చనివ్వదు. ముందు ఆ ఫైలుకు సంబంధం లేని మరొక పేరు పెట్టాలి. ‘మధ్య-01’ అనుకో. ఎంటర్ నొక్కాలి. పాత పేరు పూర్తిగా చెరిగిన తరువాత, అసలు పేరును చిన్నబడిలో మళ్ళీ పెట్టాలి. అప్పుడు మారుమాట లేకుండా ఒప్పుకుంటుంది. ఉన్న రహస్యమంతా ఇంతే. ఫ్లాపీలో ఉన్నది ఈ రెండు మార్పులనూ ప్రతి ఫైలుకూ వరుసగా చేసుకుంటూ పోయే చిన్న ఆదేశాల పట్టిక.

ఇప్పుడు చేయవలసినది. ఫ్లాపీ తీసి వాడు. మొదట ఏవైనా మూడు ఫైళ్ళను వేరే ఫోల్డర్‌లో పెట్టి పరీక్షించు. మూడూ సరిగా వచ్చిన తరువాతే అన్నిటి మీదా నడుపు. నడుస్తున్నంతసేపు ఏ మీటా ముట్టుకోకు.

ఇంతవరకు పని సంగతి. తక్కినది రాయడం నాకు అలవాటు లేదు, కనుక వరుస తప్పితే మన్నించు.

నీవు చేరిన రోజున దారపు ఉండలను చేతికి వచ్చినట్టు అలమరలో సర్దావు. ఎరుపు పక్కన పసుపు, పసుపు పక్కన నలుపు. సాయంత్రానికి అందరూ నీ బల్ల చుట్టూ చేరి ఏదో చెప్పుకొని నవ్వుతున్నారు. నేను అంతకుముందు ఏళ్ళ తరబడి ఛాయల వారీగా సర్దాను. నా బల్ల చుట్టూ ఎవరూ నిలబడలేదు. ఆ రోజు ఇంటికి వెళితే మీ అక్క, "మా తమ్ముడు ఎలా చేస్తున్నాడు?" అని అడిగింది. నేను ఎలా చేస్తున్నానని ఆమె ఎన్నడూ అడగలేదు. నేను బాగానే చేస్తానని ఆమెకు తెలుసు కనుక అడగలేదని ఇప్పుడు తోస్తున్నది. అప్పుడు తోచలేదు. తిరిగి వర్క్‌షాపుకు వచ్చి కుళ్ళు-01 గీశాను. నీ మీద నాకు ఉన్నది కడుపుమంట. దానికి దుమ్ము అనీ, నియమం అనీ, పని సంగతి అనీ పేర్లు పెట్టుకుంటూ వచ్చాను. ఫైళ్ళకు మాత్రమే అసలు పేరు పెట్టాను.

మేడమ్‌కు ఈరోజే రెండవ ఉత్తరం రాశాను. అందులో ఉన్నది ఇంతే: "సరిచేసే ఉపాయం మొదటి నుంచి నా వద్ద ఉన్నది. అతడు అడిగినప్పుడు దాచాను. అతని తప్పు ఒక్క రోజుది, నాది ఐదు వారాలది. గది బాధ్యత నిర్ణయించేటప్పుడు ఈ లెక్క చూడగలరు." ఈసారి కింద గీతలు గీయలేదు.

మీ అక్కకు రాయబోయి నాలుగు కాగితాలు చింపాను. ఆమె ఏమంటున్నదో రాయి.

మీ బావ


పాత వర్క్‌షాపు, డిజైన్ గది
మార్చి 21

బావగారికి నమస్కారం.

ఎనిమిది నిమిషాల పన్నెండు సెకండ్లు! మీరు ఎనిమిదే అని రాశారు. లిస్టు మాస్టారి లెక్క కూడా తప్పుతుందని మేడమ్‌తో వేసిన పందెం గెలిచాను.

మెకానిక్ నిన్న పొద్దున్నే వచ్చాడు. మధ్యాహ్నానికి పదకొండు వందల ఇరవై రెండు డిజైన్లు కొత్త మిషన్‌లోకి ఎక్కేశాయి. మొదట కుట్టింది ఆసుపత్రి ఆర్డరే. మూడు వందల మంది డాక్టర్లూ నర్సులూ మీ కుళ్ళుని గుండెల మీద పెట్టుకుని తిరగబోతున్నారు బావగారూ. అందరికీ నయం చేస్తుందేమో చూద్దాం.

మేడమ్ మీ రెండో ఉత్తరం చదివి మడిచి బల్ల మీద పెట్టారు. తర్వాత అన్నారు: "గది ఒకటి, తాళాలు రెండు. ఒకటి నీకు, ఒకటి ఆయనకి. కొట్టుకోవాలనుంటే మెట్ల మీద కొట్టుకోండి, మిషన్ దగ్గర కాదు." బొత్తాల కౌంటర్ ఊసే లేదు.

నాకు మీ మీద కోపం లేదని రాస్తే అబద్ధం అవుతుంది. ఉంది. మీరొచ్చాక మొహం మీదే చెబుతాను. కానీ ఆ దారాల అలమర మొన్న ఛాయల వారీగా సర్దాను. వెతుక్కోవడం ఎంత తేలికైందో! ఆ మాట ముందే చెప్పొచ్చు కదా, సణుక్కునే బదులు?

పదకొండు వందల నలభైకి పద్దెనిమిది తగ్గాయేంటని మీరు ఈపాటికి వేళ్ళు మడిచి ఉంటారు. వాటిని అక్కే ఆపించింది. సరిగ్గా ఫ్లాపీ పెట్టే ముందు వచ్చి, మడిచిన కాగితం బల్ల మీద పరిచింది. "ఆ ఏడోది వదిలెయ్, ఊరంతా చూడబోతోంది. మిగతా పద్దెనిమిదీ తీసి పక్కన పెట్టు. పెద్దబడిలోనే ఉండనీ. ఆయన వచ్చాక, ఆయన చేత్తోనే ఒక్కొక్కటీ చిన్నది చెయ్యాలి" అంది. పని కాగానే ఫ్లాపీ తన స్కూలు సంచిలో వేసుకెళ్ళిపోయింది. మీరడిగినా ఇవ్వదట.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "నవ్వు రెండేనా అని నేను మళ్ళీ అడిగానని రాయి" అంది. రాశాను.

మీ బావమరిది


కొత్త వర్క్‌షాపు, గోదాము పక్క గది
మార్చి 25

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

ఇక్కడి పని పూర్తయినది. శుక్రవారం మధ్యాహ్నం బస్సుకు బయలుదేరుతున్నాను. నేను వచ్చేలోగా నీవు చేయవలసినవి తక్కువ, చేయకూడనివే ఎక్కువ.

కుర్చీ ఎత్తు తగ్గించవద్దు. నాకు స్టూలు చాలును.

బల్ల గోడవైపే ఉండనీ. దారం రంగు సరిచూడవలసి వచ్చినప్పుడు ఇద్దరమూ లేచి కిటికీ దాకా నడుద్దాం.

ఆ పద్దెనిమిదింటినీ ఎవరూ ముట్టుకోవద్దు. ఒక్కొక్కదానికి రెండు మార్పుల చొప్పున ముప్ఫై ఆరు మార్పులు. ఆదివారం ఉదయం కూర్చుంటాను. ఫ్లాపీ అడగను. పేర్లు పైకి చదవడానికి మీ అక్కను రమ్మను. ఒక్కొక్కటీ మెల్లగా, గట్టిగా చదవమను. నేను విని, చిన్నది చేస్తాను. దుమ్ము సంగతి నేను చూసుకుంటాను.

నవ్వును గురించి ఆమె అడిగినదానికి జవాబు అక్కడికి వచ్చి, ముఖం చూసి లెక్కపెట్టి చెబుతాను.

మీ బావ

తా.క. మేడమ్ టీ ఏ కప్పులో తాగారో నీవు ఇప్పటికీ రాయలేదు. ఇది ఇరవయ్యవ కుళ్ళు కాదు. ఊరికే తెలుసుకుందామని.